కొడుకు పేర కట్టిన దట్టి

ధరూరులో దూదేకుల హుసేన్‌బీని ఎరగనివాళ్ళు లేరు. ఆమె నోట మాటపడనివాళ్ళు కూడా లేరు. పరుపు ఏకించుకోవడానికి వచ్చినవాడు దూది తడిగా తెచ్చాడంటే, వాడి పెళ్ళాం దగ్గర్నుంచి వాడి ఎద్దుల దాకా అందరినీ కలిపి తిట్టి, ఆ దూదినే ఎండబెట్టి, పొద్దుగూకేలోగా పాలనురగలా ఏకి ఇచ్చేది. తిట్లు పడటం ఇష్టంలేనివాళ్ళు ఇంకో ఏకుడు విల్లు వెతుక్కుంటూ గద్వాల దాకా నడవాలి. అంత దూరం నడిచేకంటే తిట్లే నయమని అందరూ ఆమె వాకిట్లోకే వచ్చేవాళ్ళు.

ఊళ్ళో ఆమెను హుసేనమ్మ అనేవారు. మొగుడి పేరు పీరన్న. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆమె కట్టేది చీర, పెట్టేది బొట్టు. శుక్రవారం నమాజుకు పీరన్న పోతే పోయేవాడు, లేకుంటే లేదు. కానీ మొహర్రం నెలవంక కనిపించిందంటే ఆ ఇల్లు మారిపోయేది. పీర్ల చావిడి వాళ్ళ ఇంటి గోడకు ఆనుకునే ఉంది. అందులోని కాసీం పీరు పీరన్న తాతల కాలం నుంచి ఆ ఇంటి పూచీ. అరచేయి ఆకారంలో జానెడు ఇత్తడి రేకు, దాన్ని బిగించిన వెదురు కర్ర, అంతే. ఏడాదంతా ఎర్రగుడ్డ చుట్టుకుని పెట్టెలో పడుకునేది. నెలవంక కనిపించాక చింతపండుతో తోమి నిలబెట్టేవారు. పదో రోజున పీరన్న దాన్ని భుజానికెత్తుకుని నిప్పుల గుండం చుట్టూ తిరుగుతుంటే, కాపులు, కురువలు, బోయలు, తురకలు అందరూ దాని ముందు ఊదు పొడి చల్లి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచి, తమ పిల్లలను ఆ కర్ర కింద నుంచి దూర్చి తీసేవాళ్ళు. ఎత్తేది ఆ ఇంటి మగవాడే. ఎత్తేవాడు లేని ఏడాది పీరు ఆ ఇల్లు వదిలిపోవాలి. అది రివాజు.

ఇంకో రివాజు ఉంది. మొక్కుకున్నవాళ్ళు ఆ కర్రకు కట్టే గుడ్డను దట్టి అంటారు. ఎద్దు కోసమో వాన కోసమో కట్టిన దట్టిని మొక్కు తీరాక ఎప్పుడైనా విప్పుకోవచ్చు. మనిషి ప్రాణం కోసం కట్టినదాన్ని మాత్రం ఆ మనిషి బతికి ఉన్నంతకాలం ముట్టరు. మనిషి పోయాక, కట్టిన చెయ్యే వచ్చి ముడి విప్పి, ఆ గుడ్డను శవంతోపాటు మట్టిలో పెట్టాలి. ధరూరులో ఇది చిన్న పిల్లలకు కూడా తెలుసు.

హుసేన్‌బీ అలాంటి ముడులు మూడు విప్పింది.

మొదటివాడు పాలు తాగే వయసులో పోయాడు. రెండోది ఆడపిల్ల, నాలుగేళ్ళప్పుడు అమ్మవారు పోసి పోయింది. మూడోవాడు పెద్ద జ్వరాల ఏడాది, ఊరు ఊరంతా మంచం పట్టినప్పుడు, మూడు రోజుల్లో పోయాడు. మూడో దట్టిని గుంటలో పెట్టి వచ్చిన రోజే ఆమె చావిడిలోకి పోయి, గుండంలోని బూడిదను రెండు చేతులా ఎత్తి పెట్టె మీద పోసింది.

"ముగ్గురినిచ్చిన. ఇంకేం గావాలె నీకు? సిగ్గు లేదా?"

పీరన్న వచ్చి చెయ్యి పట్టుకుంటే అతన్నీ తిట్టింది. ఏడాదిపాటు ఆ గడప తొక్కలేదు. ఆ మొహర్రానికి చింతపండు పెట్టి తోమింది పీరన్నే, మలీద ముద్దలు కట్టిందీ పీరన్నే. పట్టుకుంటే ముద్దలు విడిపోతున్నాయని ఊరంతా నవ్వింది.

నాలుగోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె మళ్ళీ పోయి పచ్చ దట్టి ఒకటి కట్టింది. భక్తితో కట్టిందని చెప్పలేం. మూడు అర్జీలు బుట్టదాఖలైనా నాలుగోది కూడా అదే కచేరిలో పెట్టే మనిషి మొండితనం అది. "ఈసారి నువ్వో నేనో తేలాలె" అని పీరుతో అన్నానని తర్వాత ఆమే చెప్పుకునేది. కొడుకు పుట్టాడు, బతికాడు. పీరయ్య అని పేరు పెట్టారు.

పీరయ్యకు పదిహేడు నిండాక, 1937 మొహర్రం గడిచిన నెలకు పీరన్న చచ్చిపోయాడు. ఇంటి దగ్గర ఏకుడు పని ఇద్దరికి సరిపోక, కొడుకు విల్లు భుజాన వేసుకుని గద్వాల బజారుకు పోయాడు. అక్కడ అతనికి అబ్దుల్ హమీద్ దొరికాడు. హమీద్ సాబ్ హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి. పొద్దున పిల్లలకు చదువు చెప్పేవాడు, పైసా పుచ్చుకునేవాడు కాదు. మధ్యాహ్నం నుంచి పల్లెల్లో తిరిగేవాడు. పేరుకు ముసల్మానులై ఉండి పీర్లకు దట్టీలు కట్టే దూదేకులవాళ్ళకు దీన్, అంటే మతం, సరిగ్గా నేర్పాలని ఆయన పట్టుదల. మంచివాడని పేరుండేది. ఆ పేరులో అబద్ధమేమీ లేదు.

ఆరు నెలలకు కొడుకు ఇంటికి వచ్చాడు. నెత్తిన టోపీ, కాళ్ళకు చీలమండల పైకి కత్తిరించిన పైజామా.

"అమ్మా, నా పేరు ఇప్పుడు బషీర్."

"ఎవరు వెట్టిన్రు?"

"హమీద్ సాబ్."

"నీకు పురుడు గూడ ఆయన్నే పోసిండా?"

ఆ రోజు అలా మొదలైన తగువు మళ్ళీ ఆగలేదు. కొడుకు ఆమె బొట్టు చూసి మొహం తిప్పుకునేవాడు. చావిడి ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని తేల్చి చెప్పాడు.

"నేను పీరు ఎత్త. ఇప్పుడే చెప్తున్న. అది ఇత్తడి రేకు. సూడదు, ఇనదు."

"మీ నాయిన గూడ సూడకపోవు, ఇనకపోవు. ఆయనతోని ముప్పై ఏండ్లు ఎల్లదీయలేదా నేను?"

"నవ్వులాట గాదమ్మా. గుడ్డ కడితే పిల్లలు బతుకుతరా? ముగ్గురికి గట్టినవు గదా!"

ఆమె అతని ముందున్న పళ్ళెం లాక్కుని మేకకు పెట్టింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా ఆమె తనను తాను అడుగుతున్నదే. అడిగే హక్కు తనకు ఒక్కదానికే ఉందని ఆమె అనుకునేది.

ఆ చలికాలంలోనే శ్రీరాములు వచ్చాడు. గద్వాలలో చీరలు నేసే ఇంటివాడు, ఆర్యసమాజంలో చేరి ఊళ్ళు తిరుగుతున్నాడు. నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"హుసేనమ్మా, నువ్వు మన దానివే. మీ తాతలను ఏనాడో మార్చిన్రు. చీర గడ్తవు, బొట్టు వెడ్తవు, నడుమ ఈ తురక కట్టె ఎందుకు నీకు? పారేసి రా. హోమం జేసి కలుపుకుంటం."

"కలుపుకొని యాడ గూసుండవెడ్తవ్? మీ మగ్గం కాడ గూసుండవెడ్తవా?"

"అందరం ఒక్కటే అంటున్న గద."

"అట్లయితే గీ నీళ్ళు తాగు."

ఆమె కుండలో చెంబు ముంచి చాచింది. శ్రీరాములు మోసగాడు కాదు. నిజంగానే తాగుదామనుకుని చెయ్యి కూడా చాపాడు. ఆ చెయ్యి చెంబుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"ఇప్పుడే తాగొచ్చిన" అన్నాడు.

"మల్ల దూప అయినప్పుడు రా నాయినా" అని ఆమె ఆ నీళ్ళు మేక ముందు పోసింది. అతను ఎర్రబడ్డ మొహంతో లేచి, ఇలాంటివాళ్ళకు చెప్పడం దండగని నలుగురు వినేటట్టు అంటూ పోయాడు.

మొహర్రం నెలవంకకు మూడు రోజులుందనగా హమీద్ సాబ్ వచ్చాడు. వెంట గద్వాలవాళ్ళు నలుగురు, వాళ్ళ వెనక బషీర్. సంగతి ముందే పొక్కింది కాబట్టి వాకిలి నిండా జనం. ఉన్ని ఏకించుకోవడానికి మూట తెచ్చిన ముసలి కురువ కురుమూర్తి చూరు కింద చతికిలబడి ఉన్నాడు. తన మంద చావకుండా మిగిలిన ఏడాది అతను కూడా ఆ పీరుకు ఒక దట్టి కట్టాడు.

"అస్సలామాలేకుం, హుసేన్‌బీ అమ్మా."

ఆమె విల్లు ఆపలేదు. వింటి నరం మీద చెక్కగుండు పడుతూనే ఉంది. దూది ఎగిరి ఆయన నల్ల షేర్వానీ మీద వాలుతూనే ఉంది. బషీర్ దులపబోతే ఆయన వద్దన్నాడు.

"కలిమా వస్తుందా అమ్మా?"

ఆమె ఆ అరబ్బీ మాటలు చెప్పింది. సగం విరిగాయి, రెండు మూడు మధ్యలో జారిపోయాయి. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. హమీద్ సాబ్ తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగింది.

"అల్లాలు ఎంతమంది?"

"ఒక్కడే. గది గూడ తెల్వకుంటనే ఇన్నేండ్లు బతికిననా?"

"మరి ఆ పెట్టెలో ఎవరు?"

"కాసీం సామి. గడప కాడ ఉండేటోడు. కచేరికి పోతే ముందుగాల చప్రాసికి సలాం గొడ్తవా, లేదా?"

"అల్లాది కచేరి కాదమ్మా. మధ్యలో చప్రాసి అక్కర్లేదు. నువ్వు పిలిస్తే నేరుగా వింటాడు."

"ఇన్నడు గదా! ముగ్గురు పోయినప్పుడు మస్తు ఇన్నడు."

జనం ఉలిక్కిపడ్డారు. "తౌబా జెయ్యమ్మా, తప్పయిందను!" అన్నాడు బషీర్.

"నోర్మూయ్. పెద్దోళ్ళు మాట్లాడుతున్నం."

హమీద్ సాబ్ ఆమెకేసే తిరిగి చెప్పాడు. "నాకూ ఇద్దరు పోయారు. ప్లేగు వచ్చిన ఏడాది, ఒకే వారంలో. నేను ఏ కర్రకూ గుడ్డ కట్టలేదు. ఇచ్చినవాడే తీసుకున్నాడని నమాజు చేసి పడుకున్నాను."

విల్లు ఆగింది.

"పడుకుంటే నిద్ర వట్టెనా?"



"నేను పండుకోలె సాబ్. పోయి మొకాన బూడిద వోసిన. తిట్టిన. ఏడాది మొకం జూడలె. మల్ల పోయి జూస్తే గాడనే ఉండె. అల్లా పెద్దోడు, నాకు గూడ ఆయన్నే పెద్ద. గని ఆయన్ని తిట్టనీకి నోరు రాదు, అంత దూరం అందదు. గీయన అందుతడు. మొత్తుకోనీకి, తిట్టనీకి నాకు గీడ ఒకడు గావాలె."

"అది ఈమాన్ కాదమ్మా, నమ్మకం కాదు. అలవాటు."

"నీది మాత్రం ఏంది? నీకు మీ నాయిన నేర్పిండు, నాకు మా అత్త నేర్పింది. నువ్వు మంచి గుడ్డలేసుకొని చెప్తున్నవ్, గంతే ఫరక్."

గద్వాలవాళ్ళు గొణిగారు. హమీద్ సాబ్ ఓపిక కూడా అక్కడితో అయిపోయింది. ఆయన గొంతు మారింది. "వాదం వద్దు. ఈ ఇంటికి నీ కొడుకే మగదిక్కు. వాడు పీరు ఎత్తనంటున్నాడు. ఎత్తేవాడు లేకపోతే మీ రివాజు ప్రకారమే అది ఈ ఇంట్లో ఉండకూడదు. మేం అగౌరవం చేయం. తీసుకుపోయి కృష్ణలో వదిలేస్తాం."

ఈ రివాజు సంగతి ఆయనకు చెప్పింది బషీరే. హుసేన్‌బీ కొడుకు వైపు చూసింది. అతను చావిడి గోడ వైపు చూస్తున్నాడు.

కురుమూర్తి కర్ర పట్టుకుని లేచాడు. "దానికి మా దట్టీలున్నయ్. ఎవడు ముడ్తడో ముట్టుండ్రి, జూస్త."

జనంలో నలుగురైదుగురు అతని పక్కకు జరిగారు. హమీద్ సాబ్‌కు కొట్లాట ఇష్టం లేదు. రివాజును రివాజుతోనే కొట్టవచ్చని ఆయనకు తోచింది. ఎవరు కట్టిన ముడి వాళ్ళే విప్పాలని బషీర్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఎప్పుడు విప్పాలో చెప్పలేదు. ధరూరులో పుట్టినవాడికి అది చెప్పవలసిన సంగతి అనిపించదు. హైదరాబాదువాడికి అడగాలని తెలియదు.

"మేం ఎవరమూ ముట్టం" అన్నాడాయన. "ఎవరి చేత్తో కట్టింది ఆ చేత్తోనే విప్పుకోండి. అన్నీ విప్పాకే పీరు తీసుకుపోతాం. మొదట ఇంటావిడ. అమ్మా, నీది పచ్చదట కదా. విప్పు."

 కురుమూర్తి ఏదో చెప్పబోయాడు. హుసేన్‌బీ చెయ్యెత్తి ఆపింది.

ఆమె విల్లు గోడకు చేరవేసి, చీర మీది దూది దులుపుకుని, చావిడిలోకి పోయింది. పెట్టెను తానే ఈడ్చుకుంటూ ఎండలోకి తెచ్చింది. ఎర్రగుడ్డ తీసి పక్కన పెట్టింది. వెదురు కర్ర చుట్టూ రంగు పోయిన గుడ్డలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వేళ్ళతో తప్పించుకుంటూ పోయి అడుగునున్న పచ్చదాన్ని పట్టుకుంది.

"పీరయ్యా!"

చాలా నెలల తర్వాత ఆ పేరుతో పిలిచింది. అతను సరిదిద్దలేదు.

"ఇది ఇత్తడి రేకంటివి గదా?"

"అవు."

"సూడదు, ఇనదు."

"సూడదు."

"గుడ్డ గుడ్డనే గదా?"

బషీర్ మళ్ళీ చావిడి గోడ వైపు తిరిగాడు. 

"ఇటు జూడు మరి. ఇప్పుతున్న."

ముడి మీద బొటనవేలి గోరు పెట్టి ఒత్తింది. మూడుసార్లు ఈ పని చేసిన చేతులు అవి, ఎక్కడ పట్టుకోవాలో వాటికి తెలుసు. "వద్దే అక్కా, నీ కాల్మొక్త" అని గుంపులో ఒక ఆడమనిషి ఏడుపు గొంతుతో అరిచింది. "షాబాష్ అమ్మా" అన్నాడు హమీద్ సాబ్, ఏమీ ఎరగకుండా.

బషీర్ నాలుగు అంగల్లో వాకిలి దాటి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. టోపీ జారి దూదిలో పడింది.

"వద్దమ్మా! ఇప్పకు! ఇప్పకమ్మా!"

ఆమె చేతుల పైనుంచి తన చేతులతో ఆ ముడిని నొక్కి పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. 

"క్యా హువా, బషీర్?" ఏమైందని హమీద్ సాబ్ అడిగాడు.

 కురుమూర్తి చెప్పాడు. "అది ఆ పిల్లగాని పానం మీద గట్టింది సాబ్. సచ్చినంకనే ఇప్పుతరు. ఇంతకుముందు మూడు గట్లనే ఇప్పింది."

హమీద్ సాబ్ ఆ చేతుల కేసి చూశాడు. కోపం తెచ్చుకుంటాడని హుసేన్‌బీ ఎదురుచూసింది. తెచ్చుకుంటే ఆమె దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. ఆయన కోపం తెచ్చుకోలేదు. దూరం నడిచి వచ్చి తలుపు మూసి ఉన్నది చూసినవాడిలా అలసిపోయి కనిపించాడు.

"బషీర్, చేతులు తియ్యి."

అతను తియ్యలేదు.

"నీకు ఇన్నాళ్ళు చెప్పింది ఏమిటి? చేతులు తియ్యి."

అప్పుడూ తియ్యలేదు. హమీద్ సాబ్ షేర్వానీ మీది దూది ఒక్కొక్క పోగే ఏరి పారేసి, "కొన్నాళ్ళు మసీదుకు వచ్చినా నమాజులో నా వెనక నిలబడకు" అని చెప్పి పోయాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు దూదిలోని టోపీని కాలితో పక్కకు తన్ని పోయాడు.

జనం పలచబడ్డాక కొడుకు లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్."

"పానం తియ్యలె గద."

"నువ్వు తల్లివేనా?"

"ఏమో. మీ హమీద్ సాబ్‌ను అడుగు."

ఆ సాయంత్రమే అతను రాయచూరు పోయాడు. అక్కడ పత్తి మిల్లులో పని దొరికింది. బషీర్ అనే పేరే ఉంచుకున్నాడు, ఐదు పూటలా నమాజు చేస్తున్నాడని తెలిసింది. ఆమె బతికి ఉన్న తొమ్మిదేళ్ళలో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ పోట్లాడే పోయాడు. చావిడి వైపు చూడలేదు గాని, పోయేముందు పెట్టెకు తాళం ఉందా అని రెండుసార్లూ అడిగాడు.

ఆ మొహర్రంలో ఇంటి మగవాడు ఎత్తలేదు. రివాజు తప్పింది. కురుమూర్తి వచ్చి తానే ఎత్తుకున్నాడు. పీరును కురువవాడి భుజమెక్కించారని గద్వాల మసీదు దగ్గర తిట్టారు. హిందువై తురక కట్టెను మోశాడని శ్రీరాములు ఊరి చావిడి ముందు నిలబడి తిట్టాడు. భుజం నొప్పిపెట్టిందని తప్ప కురుమూర్తి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇల్లు వదిలిపోవాల్సిన పీరు మాత్రం ఎక్కడికీ పోలేదు. హుసేన్‌బీ చింతపండు పెట్టి తోముతూ, ఎప్పటిలాగే దాన్ని తిట్టింది. కొడుకును బతికించి ఇచ్చింది ఇందుకేనా అని అడిగింది.

పండుగ దాటాక కురుమూర్తి మళ్ళీ ఉన్ని మూట తెచ్చాడు. ఆమె ఏకుతుంటే చూరు కింద కూర్చున్నాడు.

"హుసేనమ్మా, ఒక మాట అడుగుత. తిట్టకు. ఆ దినం పోరడు అడ్డం రాకుంటే, నిజంగ ఇప్పేదానివా?"

"పద్దెనిమిదేండ్ల ముడి అది. నూనె, ఊదు పొగ వట్టి రాయయింది. గోరుకొస్తదా? కొడవలి వెట్టి కొయ్యాలె. నా చేతుల కొడవలి ఉండెనా?"

కురుమూర్తి తలెత్తి చూరులోకి చూశాడు. గడ్డి కోసే కొడవలి అక్కడే చెక్కి ఉంది. ఆ రోజూ అక్కడే ఉంది, ఆమె నిలబడ్డ చోటి నుంచి చెయ్యి చాపితే అందేటంత దగ్గర.

"గా కొడవలి గాడనే ఉండె గద" అన్నాడు.

నరం మీద చెక్కగుండు ఒక్క క్షణం పడలేదు.

"ఉండె" అంది హుసేన్‌బీ.

తర్వాత మూటలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు ఉన్ని పైకి తీసి, పిండి చూసి, "మల్ల తడి ఉన్ని దెచ్చినవ్" అని అతన్నీ, అతని పెళ్ళాన్నీ, అతని గొర్లనూ కలిపి తిట్టడం మొదలుపెట్టింది.